ప్రశ్న రాసుకునే ముందు మా డ్రెస్సింగ్ గదికి రండి

రెండు తెలుగు రాష్ట్రాల మెడికల్ కాలేజీల్లో థీసిస్ మొదలుపెట్టబోతున్న పీజీ డాక్టర్లకు, వాళ్ల గైడ్లకు, పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు ఒక నర్సు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. థీసిస్‌కి ప్రశ్న ఎంచుకునే ముందు రోగులని అడగమని కోరడానికి రాస్తున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో పదిహేనేళ్లు డ్రెస్సింగ్ గదిలోనే గడిచాయి. షుగర్ పుండ్లు, కాలిన గాయాలు, మంచాన పడ్డవాళ్లకి నడుము కింద పడే పుండ్లు, ట్రాక్టర్ చక్రం కింద నలిగిన పాదాలు. ఈ చేతులతో విప్పి కట్టిన కట్లకి లెక్క లేదు. అయినా ఈ ఉత్తరం రాయాలనిపించింది పుండు వల్ల కాదు, చెవి వల్ల. మా నాన్న చెవి వల్ల.

నాలుగేళ్ల కిందట నాన్నకి కుడి కాలి బొటనవేలి కింద పుండు పడింది. అప్పటికే పదహారేళ్లుగా షుగర్. అరికాళ్లలో స్పర్శ పోయింది. చెప్పులో చిన్న మేకు పైకి లేచి గుచ్చుకుంటున్నా రెండు రోజులు అలాగే బజారుకీ గుడికీ తిరిగాడు. వంటింటి గచ్చు మీద రక్తపు మరక చూసి అమ్మ కేక వేసేదాకా ఆయనకి తెలియదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి చీము ఎముక దాకా పాకింది. కుళ్లిన కండ తీసి శుభ్రం చేశారు, ఒక వేలు తీసేశారు, పద్నాలుగు రోజులు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశారు. కాలు దక్కింది. డిశ్చార్జి రోజున ఆ డాక్టరు గారికి చేతులెత్తి దండం పెట్టాను. ఆ కృతజ్ఞత నాలో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంటికొచ్చిన వారానికి నాన్న అన్నాడు, "చెవిలో కీచురాయి దూరినట్టుందమ్మా" అని. నెల తిరిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. కారు, చారు, సారు ఆయనకి ఒకేలా వినబడటం మొదలైంది. అచ్చుల చప్పుడు లావుగా ఉంటుంది, అది అందుతోంది. చ, స, త లాంటి హల్లుల్లో ఉండే సన్నని చప్పుడు అందడం లేదు. అందుకే ఎవరైనా గట్టిగా మాట్లాడితే చిరాకు పడతాడు. "వినబడుతోందే, అర్థం కావట్లేదు" అంటాడు. గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా వినబడతాయి తప్ప, పోయిన హల్లు తిరిగి రాదు.

వినికిడి పరీక్ష, అదే ఆడియోగ్రామ్, తీయించాం. సన్నని శబ్దాల వైపు వెళ్లేకొద్దీ గీత మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది. ఇంజెక్షన్ల వల్లేనా అని అడిగాను. అయ్యుండొచ్చు, వయసు వల్ల కూడా కావచ్చు, ఇంజెక్షన్లకి ముందు తీసిన పరీక్ష ఉంటే పోల్చి చెప్పగలిగేవాళ్లం అన్నారు. ముందు తీసిన పరీక్ష లేదు. ఎవరూ తీయలేదు.

అప్పుడు నాకు మా వార్డు గుర్తొచ్చింది. నా చేత్తో ఎంతమందికి అమికాసిన్, దాని కుటుంబానిదే అయిన జెంటామైసిన్ వేశానో. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసేవాళ్లం, మూత్రం ఎంత వచ్చిందో రాసేవాళ్లం. "చెవుల్లో ఏమైనా మోతగా ఉందా?" అని ఒక్కరినైనా అడిగిన జ్ఞాపకం లేదు. ఆ ఆలోచనతో చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ సంగతి కాదని మీకు నాకంటే బాగా తెలుసు. ఈ మందుల కుటుంబంలో మొదటిది స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో టీబీకి వాడకంలోకి వచ్చిన కొద్ది కాలానికే చెవుల మీద దాని దెబ్బ కనిపించింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్లీ మొలవవు. ముందుగా పోయేది అతి సన్నని శబ్దాలు. మామూలు ఆడియోగ్రామ్ 8000 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, నష్టం అంతకు పైనే మొదలవుతుంది. కాబట్టి మామూలు పరీక్షలో కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. కిడ్నీలు నీరసించిన మనిషిలో మందు ఎక్కువసేపు నిలిచిపోయి ముప్పు పెరుగుతుంది. షుగర్ పుండుతో వచ్చేవాళ్లలో కిడ్నీలు సరిగా ఉన్నవాళ్లు ఎంతమంది? కొందరికైతే తల్లి వైపు నుంచి వచ్చే ఒక జన్యు మార్పు వల్ల కొద్ది మోతాదుకే చెవి పోతుంది. మాంచెస్టర్‌లో అప్పుడే పుట్టిన పిల్లలకి జెంటామైసిన్ మొదలుపెట్టే లోపే ఆ మార్పు ఉందో లేదో 26 నిమిషాల్లో తేల్చే పరీక్షను వార్డులోనే వాడి చూశారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి.

అమికాసిన్ వేయొద్దని నేను అనడం లేదు. మిగతా మందులకి లొంగని సూక్ష్మక్రిములు పట్టిన పుండులో అది కాళ్లు నిలబెడుతుంది, ప్రాణాలు నిలబెడుతుంది. మా నాన్న నడుస్తున్నాడంటే అందులో దాని పాత్ర ఉంది. నా బాధ వేరే. కాలు సర్జరీ వాళ్లది, షుగర్ మెడిసిన్ వాళ్లది, చెవి ఈఎన్‌టీ వాళ్లది. కేస్ షీట్‌లో "పుండు మానింది" అని రాసి ఉంది, అది నిజమే. అదే మనిషికి మనవడి మాట వినబడకుండా పోయిందని ఏ కాగితంలోనూ లేదు. ఆయన్ని అడిగి ఉంటే మొదటి వారంలోనే చెప్పేవాడు.

ఇక మిమ్మల్ని అడగదలుచుకున్నది.

మన దేశంలో ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాలి. అంటే ఏటా వేల ప్రశ్నలు పుడుతున్నాయి. ఆ ప్రశ్నల కోసం రక్తం ఇచ్చేది, పుండు కొలిపించుకునేది, కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ బస్సెక్కి వచ్చేది మా గది ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆ ప్రశ్న ఏదో ఖాయం చేసే రోజున మాత్రం వాళ్లలో ఒక్కరూ అక్కడ ఉండరు. మీ టాపిక్ ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. గైడ్ గారు ఇచ్చి ఉంటారు. లేదా సీనియర్ థీసిస్‌లో మందు పేరు మారి ఉంటుంది. లేదా ఆ ఏడాది డిపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన మిషను చుట్టూ అల్లుకుని ఉంటుంది. తప్పు పట్టడానికి అనడం లేదు. టైము తక్కువ, డ్యూటీలు ఎక్కువ, టెన్షన్ ఇంకా ఎక్కువ. ఐసీయూలో వరసగా రెండు రాత్రులు మీరు కళ్లు మూయకుండా గడపడం పక్కనే ఉండి చూసినదాన్ని. అందుకే, అంత కష్టపడి చేసే పని ఎవరికీ అక్కరకు రాకుండా పోకూడదని అడుగుతున్నాను.

మీరు పుండును కొలుస్తారు. పొడవు ఇంత, వెడల్పు ఇంత, నాలుగు వారాల్లో ఎంత శాతం తగ్గింది. అది కావాలి, కాదనను. కానీ కట్టు విప్పుతున్నప్పుడు నాకు వినబడేవి వేరే మాటలు.

మా దగ్గరికి వారానికి రెండుసార్లు వచ్చే పెద్దావిడ ఉంది. పిక్క మీద నరాలు ఉబ్బి పడ్డ పుండు, రెండేళ్లు దాటింది. కట్టు మీద పాండ్స్ పౌడరు దట్టంగా చల్లుకుని వస్తుంది. బస్సులో పక్క సీటువాళ్లు లేచి వెళ్లిపోతారట. "పుండు తగ్గకపోతే తగ్గకపోయింది సిస్టరమ్మా, ఈ వాసన పోయే మందేదైనా ఇవ్వండి. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది, నలుగురిలో కూర్చోవాలి" అంది. డాక్టరు గారిని అడిగి మెట్రోనిడజోల్ బిళ్లలు పొడి చేసి పుండు మీద చల్లి కట్టాం. నయం కాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ వార్డుల్లో వాడే పద్ధతే. ఆవిడ ఫంక్షన్‌కి వెళ్లింది, ముందు వరసలో కూర్చుందట. పుండు సైజు మాత్రం అప్పుడు మూడు మిల్లీమీటర్లు కూడా తగ్గలేదు. మీ లెక్కలో ఆ నెల ఏమీ జరగలేదు. ఆవిడ లెక్కలో అదే పెద్ద నెల.

ఇంకో సంగతి. పుండును గాలికి ఆరనివ్వాలని మన ఇళ్లలో అందరం అంటాం. తగ్గడాన్ని కూడా "పుండు ఆరింది" అనే అంటాం. 1962లో ఇంగ్లండ్‌లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద చేసిన పరీక్షలో, పాలిథీన్ పొరతో కప్పి తడి నిలిపిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలేసినవాటి కన్నా దాదాపు రెట్టింపు వేగంగా కమ్ముకుంది. అరవై ఏళ్లు దాటింది. మా స్టోరు గదిలో ఎక్కువగా దొరికేది ఇప్పటికీ పొడి గాజు గుడ్డే. అది పుండుకు అతుక్కుపోతుంది. లాగితే లేత కండ దానితో పాటే ఊడొస్తుంది, మనిషి విలవిల్లాడిపోతాడు. సెలైన్ పోసి పది నిమిషాలు నాననిచ్చి విప్పుదామంటే, బయట ఇంకా నలభై మంది ఉంటారు. "కట్టు విప్పేటప్పుడు నొప్పి లేకుండా, మాకు దొరికే ధరలో ఏం చేయొచ్చు?" ఇది మా బెంచీ మీది ప్రశ్న. ఇలాంటి ప్రశ్నను పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ముంబైలో కొందరు డాక్టర్లు కాలిన గాయాల మీదా, వేరేచోట అతకడానికి చర్మం తీసిన చోటా అరటి ఆకును కట్టుగా వాడి, వేజిలిన్ రాసిన గాజు గుడ్డతో పోల్చి చూసి 2003లో ప్రచురించారు. ఆకు అతుక్కోదు, విప్పేటప్పుడు నొప్పి ఉండదు, ఖర్చు దాదాపు లేదు. విస్తరాకులో అన్నం తినే మనకి ఆ ఆలోచన రాకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

కాలి పుండు మీద బరువు పడకుండా పిండి కట్టు వేసే పద్ధతి సంగతి చూడండి. అరికాలి షుగర్ పుండుకి ప్రపంచమంతా మేలైనదిగా చెప్పే వైద్యం అది. దానికి మూలం కుష్ఠు పుండ్ల వైద్యంలో ఉంది. వెల్లూరులో పాల్ బ్రాండ్ లాంటివాళ్లు దాన్ని నిలబెట్టి ప్రపంచానికి చూపించారు. అంటే మన ఇంటి పక్కన పెరిగిన చెట్టు. అయినా మా దగ్గర పిండి కట్టు వేయించుకునేవాళ్లు అరుదు. ఎందుకో రోగులని అడిగితే క్షణంలో చెబుతారు. "ఆ కట్టుతో దొడ్డికి ఎలా కూర్చోనమ్మా?" "వానాకాలం, బురదలో ఎలా నడవను?" "పత్తి ఏరడానికి ఎవరెళ్తారు?" వీటికి జవాబు వెతికే థీసిస్ ఒక్కటి చూపించండి, నేనే పట్టుకొచ్చి మా గది గోడకి అంటిస్తాను. షుగర్ ఉన్న ప్రతి వందమందిలో 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి కాలి పుండు పడొచ్చని అంచనా. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వే 2023లో మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని చెప్పింది. ఆ రెండు అంకెలను గుణించి చూస్తే దొడ్డి ప్రశ్న చిన్న ప్రశ్నగా కనిపించదు.

చెవి దగ్గరా ఇదే కథ. నాన్నకి చెవి మిషను కొన్నాం. అది అల్మారాలో, తాళం చెవుల పక్కన ఉంది. నిశ్శబ్దమైన గదిలో పరీక్ష చేసినప్పుడు బ్రహ్మాండంగా పని చేసింది. పెళ్లిలో పెట్టుకుంటే ముందు వినబడింది గిన్నెల మోత, తర్వాత బ్యాండు మేళం. మే నెల చెమటకి మిషను లోపల తడి చేరింది, రిపేరుకి ఊరు దాటి వెళ్లాలి. ఆయన మానేశాడు. ఏ అధ్యయనమైనా ఆయన్ని లెక్కపెడితే "మిషను అందినవారు" అనే గడిలో వేస్తుంది.

వేరే పద్ధతి ఉందని చదివి తెలుసుకున్నాను. బ్రిటన్‌లో 2004 నుంచి జేమ్స్ లిండ్ అలయన్స్ అనే ఏర్పాటు నడుస్తోంది. 1747లో ఓడ మీద 12 మంది స్కర్వీ రోగులని జంటలుగా విడదీసి, నారింజ, నిమ్మ తిన్న జంట కోలుకుందని చూపించిన డాక్టరు పేరు అది. ఒక జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో వాళ్లని చూసుకునేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు, ముగ్గురినీ "మీకు జవాబు దొరకని ప్రశ్నలేవి?" అని అడుగుతారు. జవాబు ఇప్పటికే ఉన్నవి తీసేస్తారు. మిగిలినవాటిని ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుని, ముందుగా తేల్చాల్సిన పదింటిని ఎంచుతారు. చెవిలో మోత గురించి 2012లో, మంచాన పడ్డవాళ్ల పుండ్ల గురించి 2013లో, వినికిడి తగ్గడం గురించి 2015లో ఇలా జాబితాలు వచ్చాయి. ఆ ప్రశ్నలు మా బెంచీ మీది మాటల్లాగే ఉన్నాయి. మనిషిని పక్కకి తిప్పుతూ ఉంటే పుండు పడకుండా ఎంతవరకు ఆగుతుంది? చెవి మిషను ఇచ్చినా కొందరు ఎందుకు వాడరు? పుండూ, చెవీ వేర్వేరు డిపార్ట్‌మెంట్లైనా, రోగిని అడిగే పద్ధతి ఒక్కటే అని నాకు అక్కడే అర్థమైంది.

అడగకపోతే ఎంత పోతుందో కూడా లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. ఆ అలయన్స్ స్థాపకుల్లో ఒకరైన ఇయన్ చామర్స్, పాల్ గ్లాజియూతో కలిసి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వైద్య పరిశోధన మీద పెట్టే ఖర్చులో దాదాపు 85 శాతం వృథా అవుతోందని, ఆ వృథా మొదటి మెట్టు రోగులకి అక్కర్లేని ప్రశ్నలు వేయడమేనని.

రోగులకి ఇవన్నీ ఏం తెలుస్తాయి అనేవాళ్లు ఉంటారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్ గురించి చెబుతాను. టీబీ చికిత్సలో వేసిన ఇంజెక్షన్ల వల్ల 2013లో ఆమె వినికిడి పోయింది. దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలేకీ అలాగే పోయింది. ఆమెకి వేసింది కనామైసిన్, మా నాన్నకి వేసిన అమికాసిన్‌కి దగ్గరి బంధువు. ఈ ఇద్దరూ కలిసి, చెవులు పోగొట్టని బెడాక్విలిన్ అనే మందు మీద కంపెనీ పేటెంటు పొడిగించుకోకుండా 2019లో మన పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో ఆఫీసు కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మొండి టీబీకి కనామైసిన్ వాడొద్దని చెప్పి, నోటితో మింగే మందుల వైపు మళ్లింది. వినబడని ఇద్దరు ఆడపిల్లలు ఎన్ని దేశాలకి వినిపించారో చూడండి.

ఎథిక్స్ కమిటీ సభ్యులకి ప్రత్యేకంగా ఒక మాట. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును మన ప్రాంతం మరిచిపోలేదు. ఆశ్రమ పాఠశాలల పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది, నా కూతురికి నేనే వేయించాను. అయినా సరిగా అడగకుండా వేసినందుకు ఎన్నో ఇళ్లలో ఆ టీకా పేరెత్తితేనే భయం మిగిలింది. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం మీ కమిటీలో వైద్య రంగానికి సంబంధం లేని ఒక సామాన్యుడు ఉండాలి. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో చూసుకోండి. రిటైరైన హెడ్మాస్టారు గారి మీద నాకు గౌరవమే. కానీ పుండు కట్టించుకున్నవాళ్లనీ, చెవి పోయినవాళ్లనీ కూడా ఒకసారి ఆ కుర్చీలోకి పిలవండి. వినబడనివాళ్లు వస్తే మాట్లాడేది తెర మీద అక్షరాల్లో చూపించండి. కన్సెంట్ ఫారం (సమ్మతి పత్రం) తెలుగులో చదివి వినిపించి, "ఇందులో నాకు ఏం జరుగుతుందో చెప్పు" అని ఆ మనిషినే అడగండి. చెప్పలేకపోతే ఫారం మార్చాలి.

పీజీ డాక్టర్లని కోరేది ఇంకా తేలిక. థీసిస్ ప్రణాళిక, అంటే ప్రోటోకాల్, రాయడానికి ముందు రెండు ఉదయాలు ఓపీ బయట బెంచీ మీద కూర్చోండి. తెల్లకోటు తీసేసి కూర్చోండి. పదిమందిని "మీకు అన్నిటికన్నా ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడగండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ టాపిక్ మార్చుకోవాల్సిన పని ఉండకపోవచ్చు. సైజుతో పాటు వాసన, నొప్పి, నిద్ర, పనికి తిరిగి వెళ్లిన రోజు కూడా కొలిస్తే చాలు. పుండుకి అమికాసిన్ ఇంజెక్షన్లు వాడే అధ్యయనమైతే మొదటి ఇంజెక్షన్‌కి ముందొకటి, చివరిదాని తర్వాత ఒకటి వినికిడి పరీక్ష పెట్టండి. ఈఎన్‌టీ డిపార్ట్‌మెంట్ సాధారణంగా అదే ఆవరణలో ఉంటుంది. అంతా అయ్యాక, ఏం తేలిందో ఆ మనుషులకి తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వండి. మా దగ్గర పుండు కొలిపించుకున్నవాళ్లు ఏళ్ల తర్వాత కూడా అడుగుతారు, "అప్పుడు ఆ డాక్టరమ్మ ఫొటోలు తీసుకుంది కదా, ఏమైందమ్మా?" అని. నా దగ్గర జవాబు ఉండదు.

మా ఆసుపత్రిలో పుండ్ల ఓపీ సోమ, గురువారాలు, పొద్దున తొమ్మిదింటి నుంచి. వచ్చేవాళ్లకి బెంచీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి ఉంచుతాను. మా ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడాను, ఒప్పుకుంది. నాన్న కూడా వస్తానన్నాడు, ఈసారి తనని ఎవరైనా అడుగుతారని. ఆయనతో మాట్లాడేటప్పుడు ఎదురుగా, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. మాస్కు కిందికి తీయండి. అరవొద్దు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పి, ఆయన జవాబు పూర్తయ్యేదాకా ఆగండి.

ఇట్లు,
డ్రెస్సింగ్ గది నుంచి
ఒక స్టాఫ్ నర్సు